పుష్య బహుళ పంచమి – తిథిని నిలిపినవారి చరిత్ర



సనాతన ధర్మంలో ప్రతి కర్మకూ ముందు సంకల్పం ఉన్నది. సంధ్యోపాసనకు కూర్చున్న వటువు మొదలుకొని సోమయాగానికి దీక్ష వహించిన యజమాని వరకు అందరూ శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగ ప్రథమ పాదం అనే మహాకాలాన్ని ముందుగా స్మరిస్తారు. అక్కడి నుండి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం వరకు క్రమంగా దిగివచ్చి, ఆ తరువాతనే తమ గోత్రనామాలను ఉచ్చరిస్తారు. అనంతమైన కాలప్రవాహంలో తాను నిలిచిన బిందువు ఏదో మనిషి గుర్తించిన పిమ్మటనే అతని కర్మ ప్రారంభమవుతున్నది. కాలాన్ని స్మరించకుండా చేసే కర్మ మన సంప్రదాయంలో లేదు.

కాలస్మరణకు ఇంతటి ప్రాధాన్యం ఉన్న ధర్మంలో గతించిన మహనీయులను, జరిగిపోయిన ఘట్టాలను స్మరించుకొనడానికి కూడ కాలనియమం ఏర్పడినది. శ్రీరామచంద్రుని అవతారానికి చైత్ర శుద్ధ నవమి, గీతోపదేశానికి మార్గశిర శుద్ధ ఏకాదశి, ఆదిశంకరుల జయంతికి వైశాఖ శుద్ధ పంచమి ఆ విధంగా స్థిరపడినవే. గృహస్థు తన తల్లిదండ్రుల మృతతిథినాడు ప్రత్యాబ్దికం చేస్తాడు. సన్న్యాసి సిద్ధిపొందిన తిథినాడు శిష్యులు ఆరాధన చేస్తారు. జయంతి, ఆబ్దికం, ఆరాధన అనే ఈ మూడింటి స్వరూపం వేరైనా మూలభావం ఒకటే. ఋణాన్ని గుర్తించుట, గుర్తించినదానిని ఏటేటా క్రియారూపంలో చెల్లించుట.

అయితే తిథి తనంతట తాను నిలువదు. దానిని నిలిపేవారు ఉండాలి. ఈ సత్యానికి నాదబ్రహ్మోపాసకుడైన శ్రీ త్యాగరాజస్వామి ఆరాధన చరిత్ర కంటె చక్కని నిదర్శనం మరొకటి కనబడదు. నేడు పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరీతీరం గానమయమై ఉండుట చూసినవారికి, ఒకప్పుడు ఆ స్థలంలో దీపం వెలిగించే దిక్కు కూడ లేదంటే నమ్మశక్యం కాదు.

తిథి ఎందుకు?

చరిత్రలోనికి ప్రవేశించుటకు ముందు తిథిస్వరూపాన్ని కొంత తెలిసికొనవలెను. సూర్యచంద్రుల నడుమ ఏర్పడే పన్నెండు అంశల అంతరమే ఒక తిథి. శుద్ధ పాడ్యమి నుండి అమావాస్య వరకు ముప్పది తిథులు కలిసి ఒక చాంద్రమాసం. బహుళ పంచమి అనగా సూర్యుని నుండి చంద్రుడు 228 అంశలు దాటి 240 అంశలు చేరే లోపలి కాలం. కనుక తిథి అనేది కాగితం మీద మానవుడు వ్రాసికొన్న అంకె కాదు, ఆకాశంలో ప్రత్యక్షంగా గోచరించే స్థితి. ఒక మహాత్ముడు దేహం చాలించిన నాటి సూర్యచంద్రుల స్థితి మరల సంభవించినపుడు ఆయనను స్మరించుట తిథ్యారాధన. దైవకాలంతో మానుషస్మృతిని ముడివేసే విధానమిది.

పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 దినాలు, సౌరసంవత్సరానికి సుమారు 365 దినాలు. ఏటా రమారమి 11 దినాల వెనుకబాటు ఏర్పడుతున్నది. ఆ వ్యత్యాసాన్ని సరిచేయుటకు ఇంచుమించు ముప్పదిరెండున్నర మాసాలకొకసారి అధికమాసం వస్తున్నది. 2023లో త్యాగరాజ ఆరాధన జనవరి 11న జరిగినది. ఆ సంవత్సరం శ్రావణం అధికమాసమైనందున తరువాతి ఆరాధన 2024 జనవరి 30న వచ్చినది. 2025లో అది జనవరి 18కి జరిగినది. ఆంగ్లతేదీని చూచేవారికి ఇది అస్థిరంగా తోచవచ్చును. చంద్రుని చూచేవారికి మాత్రం ఆ మూడూ ఒకే దినం.

సంతానం లేనివారికి స్మరణ ఎవరిది?

పితృకర్మలో పుత్రునికి అధికారం, బాధ్యత రెండూ ఉన్నవి. తండ్రిని వసురూపంగా, పితామహుని రుద్రరూపంగా, ప్రపితామహుని ఆదిత్యరూపంగా భావించి నామగోత్రాలతో పిలిచి అర్చించుట శ్రాద్ధవిధి. మరి పుత్రులు లేనివారి మాట ఏమి?

ఈ ప్రశ్నకు భీష్మాష్టమి రూపంలో మన పూర్వులు ఉదాత్తమైన సమాధానం చెప్పినారు. ఆజన్మ బ్రహ్మచారియైన భీష్ముడు ఉత్తరాయణ పుణ్యకాలం వరకు శరతల్పం మీద వేచియుండి దేహత్యాగం చేసినాడు. ఆయనకు పిండోదకాలు ఇచ్చే వంశం లేదు. అందుచేత మాఘ శుద్ధ అష్టమినాడు ఆయనకు తర్పణం విడుచుట అందరికీ విధింపబడినది. సామాన్యంగా తండ్రి జీవించియున్నవాడు పితృతర్పణం చేయరాదు. కాని భీష్మతర్పణం విషయంలో జీవత్పితృకునికి కూడ అనుమతి ఉన్నదని పెద్దలు చెబుతారు. వంశం లేనివానికి లోకమంతా వంశమైనది.

యతుల విషయంలో మరొక మార్గం ఉన్నది. సన్న్యాసి పూర్వాశ్రమ బంధాలను త్యజించినవాడు. ఆయనకు అగ్నిసంస్కారం లేదు, సపిండీకరణం లేదు. దేహాన్ని సమాధి చేసి, సిద్ధితిథినాడు ఏటేటా ఆరాధన చేస్తారు. ఈ బాధ్యత రక్తసంబంధం వలన వచ్చేది కాదు, శిష్యత్వం వలన వచ్చేది. శిష్యుడు నిలిస్తే ఆరాధన నిలుస్తుంది. శిష్యుడు చెదిరిపోతే సమాధి మీద గడ్డి మొలుస్తుంది. త్యాగరాజస్వామి విషయంలో ఈ రెండూ జరిగినవి.

పంచనద క్షేత్రంలో ఒక జీవితం

త్యాగరాజస్వామి 1767 మే 4న, సర్వజిత్తు నామ సంవత్సరంలో, తిరువారూరులో జన్మించినారు. ఆ క్షేత్రస్వామియైన త్యాగరాజేశ్వరుని నామమే ఆయనకు పెట్టబడినది. తండ్రి కాకర్ల రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. ఇంటిపేరే వారి పూర్వుల ఆంధ్రమూలాన్ని చెబుతున్నది. తెలుగుదేశం నుండి కావేరీతీరానికి వలసవెళ్లిన ములకనాటి బ్రాహ్మణ కుటుంబం వారిది. ఆ కుటుంబం తిరువయ్యారులో స్థిరపడినది. పంచనదీశ్వరుడు, ధర్మసంవర్ధనీదేవి కొలువైయున్న ఆ క్షేత్రం తంజావూరుకు సమీపంలోనే ఉన్నది. అక్కడనే శొంఠి వేంకటరమణయ్యగారి వద్ద ఆయన సంగీతవిద్యాభ్యాసం సాగినది.

తంజావూరు ఆస్థానం అప్పటికి విద్వాంసులకు పెన్నిధి. రాజసన్నిధికి వెళ్లి నరస్తుతి చేయుట త్యాగరాజస్వామికి సమ్మతం కాలేదు. రామనామ సంకీర్తనం చేస్తూ వీధులలో నడచి, గృహస్థులు భక్తితో సమర్పించిన బియ్యాన్ని స్వీకరించి జీవించే ఉంఛవృత్తినే ఆయన వరించినారు. ఆ ధాన్యంతోనే ఇంట ఆశ్రయించిన శిష్యులకు కూడ అన్నం లభించేది. ఆయన విద్యను అమ్ముకొనలేదు, ఆస్తిని కూడబెట్టలేదు. ఇది ఆయన మహత్త్వం. తరువాతి కాలంలో ఆయన సమాధికి మాన్యాలు, శాశ్వత నిధులు లేకపోవుటకు ఒక కారణం కూడ ఇదియే.

జీవితాంతంలో ఆయన తురీయాశ్రమం స్వీకరించినారు. పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి, అనగా 1847 జనవరి 6న, నాదయోగి నాదంలో లీనమైనారు. యతిధర్మానుసారంగా కావేరీతీరంలో సమాధి నిర్మింపబడినది. ఆయనకు పుత్రసంతానం లేదు. ఉన్న ఒక్క కుమార్తె సీతాలక్ష్మి సంతతి కూడ తరువాత నిలువలేదు. ఇక ఆ తిథిని మోయవలసినవారు శిష్యులు మాత్రమే.

విస్మరణ కాలం

శిష్యులు గురువును మరచినారని చెప్పుట న్యాయం కాదు. వాలాజాపేట వేంకటరమణ భాగవతారు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు గురుచరిత్రను, కీర్తనలను తాళపత్రాలలోను, పుస్తకాలలోను వ్రాసి భద్రపరచినారు. తిల్లైస్థానం, ఉమయాల్పురం, వాలాజాపేట అనే మూడు శిష్యపరంపరలు కీర్తనలను కంఠస్థం చేసి తరువాతి తరానికి అందించినవి. ఆ పరంపరలే లేకుంటే నేడు పాడుటకు కృతులే ఉండేవి కావు. ఎవరి ఊరిలో వారు, ఎవరి ఇంట వారు గురుతిథిని పాటించినారు. కాని స్మరణ ఇళ్లలోనికి పంచుకొనబడినప్పుడు సమాధి ఏకాకి అయినది.

కాలం కూడ అనుకూలించలేదు. 1855లో తంజావూరు చివరి మరాఠా ప్రభువైన రెండవ శివాజీ మరణించగా పురుషసంతానం లేదన్న కారణంతో ఆ రాజ్యం ఆంగ్లేయుల వశమైనది. ఆస్థానపోషణ అంతరించినది. విద్వాంసులు జీవనార్థం క్రమంగా మద్రాసు వంటి నగరాలకు తరలిపోయినారు. కావేరీతీరంలోని చిన్న బృందావనం చుట్టూ ముళ్లపొదలు పెరిగినవి. గాయకుల గొంతులలో త్యాగరాజకీర్తన దేశమంతటా వ్యాపిస్తూ ఉండగా, ఆ కీర్తనకర్త విశ్రమించిన స్థలం మాత్రం శిథిలమవుతూ వచ్చినది. వాక్కు జీవించి, స్థలం విస్మృతమైన విచిత్రస్థితి అది.

1903లో ఈ స్థితికి ఒక మలుపు వచ్చినది. త్యాగరాజస్వామి వద్ద సాక్షాత్తు శిక్షణ పొందినవారిలో అప్పటికి మిగిలిన బహుకొద్దిమందిలో ఉమయాల్పురం కృష్ణ భాగవతారు, సుందర భాగవతారు అనే సోదరులు ఉన్నారు. వారు వృద్ధులు. గురువు సిద్ధిపొంది అప్పటికి 56 సంవత్సరాలు గడచినవి. తిరువయ్యారుకు వచ్చి సమాధి శిథిలావస్థను చూచి, దానిని వెదకి, శుభ్రపరచి, జీర్ణోద్ధరణ చేసినారు. ఆ ఇద్దరు వృద్ధశిష్యులు మరికొన్నేళ్లు ఆలసించియుంటే, ఇదియే మా గురువుగారి సమాధి అని స్వానుభవంతో చూపగలవారు దొరికేవారో లేదో! స్మృతికి సాక్షి ఉండగానే దానిని రాతిలో నిలుపుకొనవలెనన్న పాఠం ఈ ఘట్టంలో ఉన్నది.

ఆరాధనలో భేదాలు

సమాధి ఉద్ధరింపబడిన కొద్దికాలానికి తిల్లైస్థానం పరంపరకు చెందిన నరసింహ భాగవతారు, పంజు భాగవతారు అనే సోదరులు తిరువయ్యారులో ఆరాధనను ఉత్సవరూపంలో ప్రారంభించినారు. నరసింహ భాగవతారు 1908లో త్యాగరాజకీర్తనలను సంకలనం చేసి ముద్రించిన పుణ్యాత్ముడు. విద్వాంసులు గుమిగూడసాగినారు. అన్నసంతర్పణ, పూజ, గానం వృద్ధిపొందినవి.

కాని ఉత్సవం పెరిగినచోట పక్షాలు కూడ పెరుగుట లోకస్వభావం. సోదరుల నడుమ భేదాలు పొడసూపినవి. తమిళంలో పెరియకట్చి, చిన్నకట్చి అని పిలువబడిన పెద్దపక్షం, చిన్నపక్షం ఏర్పడి, ఒకే గురువుకు వేరువేరుగా ఉత్సవాలు జరిపినవి. ఏ మహానుభావుని కృతులలో వినయమే ప్రాణమో, ఆయన సమాధి ముంగిట అగ్రపూజ ఎవరిదన్న వివాదం నడచినది. ఇది దాచవలసిన చరిత్ర కాదు. ఆరాధన చేసే వానికి అహంకారం అడ్డు వచ్చిన ప్రతిచోటా జరిగేది ఇదియే. దేవాలయాలలోను, మఠాలలోను, కుటుంబాలలోను కూడ తండ్రి ఆబ్దికం ఎవరింట జరుగవలెనని అన్నదమ్ములు పంతాలు పట్టిన సందర్భాలు లోకానికి తెలియనివి కావు.

ఆ రెండు పక్షాలకూ ఒక విషయంలో మాత్రం భేదం లేదు. ఆ సన్నిధిలో స్త్రీలు పాడుటకు రెండు పక్షాలూ సమ్మతించలేదు.

నాగరత్నమ్మగారి త్యాగం

ఈ స్థితిలో చరిత్రలోనికి ప్రవేశించినవారు బెంగళూరు నాగరత్నమ్మగారు. 1878లో మైసూరు సీమలోని నంజనగూడు ప్రాంతంలో, దేవదాసీ కులంలో జన్మించినారు. బాల్యంలోనే కష్టాలను అనుభవించి, సంగీతంలోను, నాట్యంలోను, సంస్కృతాంధ్ర కన్నడ భాషలలోను పాండిత్యం సంపాదించినారు. మద్రాసులో స్థిరపడి గాయనిగా విశేషమైన కీర్తిని, ధనాన్ని ఆర్జించినారు. తంజావూరు ఆస్థానకవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషీమణి కూడ ఆమెయే.

త్యాగరాజస్వామి సమాధి దుఃస్థితిని వర్ణిస్తూ ఆమె గురువైన బిడారం కృష్ణప్పగారు వ్రాసిన లేఖ 1921లో ఆమెకు చేరినది. అప్పటికి ఆమె వయస్సు నలభై దాటినది. త్యాగరాజకీర్తన వలన తనకు లభించిన సమస్తమూ త్యాగరాజస్వామిదేనని ఆమె నిశ్చయించుకొన్నారు. ఇది మాటవరుసకు చెప్పిన నిశ్చయం కాదు. సమాధి ఉన్న స్థలాన్ని సంపాదించి, పరిసరాలను బాగుచేయించి, తన ఆభరణాలను, ఆస్తిని వెచ్చించి, అక్కడ ఆలయనిర్మాణానికి పూనుకొన్నారు. 1921లో ప్రారంభమైన ఆ కార్యం ప్రతిష్ఠతో పూర్తి అయినది. నిత్యపూజ ఏర్పడినది. ఏడాదికొకసారి వచ్చే తిథికి ఇప్పుడు ప్రతిదినం వెలిగే దీపం తోడైనది.

అంతటి సేవ చేసిన మాతృమూర్తికే అక్కడ పాడుటకు అనుమతి లేకపోయినది. ఆలయం కట్టించుటకు ఆమె ధనం పనికివచ్చినది కాని, ఆరాధనలో ఆమె కంఠం పనికిరాలేదు. ఈ అన్యాయానికి ఆమె ఇచ్చిన సమాధానం గమనింపదగినది. ఆలయాన్ని విడిచిపోలేదు, సేవను ఉపసంహరించుకొనలేదు. 1927లో స్త్రీగాయనులను సమకూర్చి, ఆలయానికి వెనుకభాగంలో వేరుగా ఆరాధన ప్రారంభించినారు. అట్లు మూడవ పక్షం, స్త్రీలపక్షం, ఏర్పడినది. ముందువైపు ఇద్దరు పక్షాలవారు పంతాలతో పాడుతూ ఉండగా, వెనుకవైపు స్త్రీలు స్వామికి తమ గానాన్ని నివేదించినారు. రామునికి శబరి సమర్పించిన ఫలం ఏ వైపు నుండి వచ్చినదని ఎవరు అడుగగలరు?

ధర్మశాస్త్రదృష్టితో చూచినా ఈ నిషేధానికి ఆధారం బలహీనం. ఆరాధనలోని వైదికాంగానికి అధికారనియమాలు ఉండవచ్చును. నామసంకీర్తనకు ఏ నియమం ఉన్నది? కీర్తనం నవవిధభక్తులలో రెండవది. దానికి జాతినియమం లేదు, లింగనియమం లేదు, ఆశ్రమనియమం లేదు. గోపికల, ఆండాళ్ తల్లి, మీరాబాయి భక్తిని శిరసావహించే సంప్రదాయం, సంకీర్తనాచార్యుని సన్నిధిలో స్త్రీకంఠాన్ని వారించుట తన మాటకు తానే విరోధం చెప్పుకొనుట అవుతున్నది. త్యాగరాజస్వామికి రక్తవారసులు లేరు. భక్తివారసత్వం ఎవరిదని ప్రశ్నించితే, సర్వస్వాన్ని ధారపోసిన ఆ తల్లికంటె యోగ్యులు ఎవరు?

ఏకోత్సవం

1940–41 నాటికి సంగీతవిద్వాంసులలో, పెద్దలలో ఐక్యభావన బలపడినది. ఐ.సి.ఎస్. అధికారియైన ఎస్.వై. కృష్ణస్వామిగారు, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరుగారి వంటి విద్వాంసులు పూనుకొని పక్షాలను ఒకటి చేసినారు. త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడినది. స్త్రీపురుషులకు ఉత్సవంలో స్థానం లభించినది. ఘనరాగ పంచరత్నకీర్తనలను అందరూ కలిసి గానం చేసే సంప్రదాయం కూడ ఈ ఏకీకరణ కాలంలోనే నిలదొక్కుకొన్నది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని ఈ ఐదు కృతులలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగు తెలుగు. పంచరత్నగోష్ఠిలో ఒక్కరి గొంతు ప్రత్యేకంగా వినబడదు. మహావిద్వాంసుడు, నిన్న మొన్న సరళీస్వరాలు దాటిన బాలిక ఒకే వరుసలో కూర్చుండి ఒకే శ్రుతిలో పాడుతారు. పక్షాల పోరు నడచిన స్థలంలోనే అహంకారాన్ని కరగించే ఈ గోష్ఠి వెలసినది.

నేటి ఆరాధన దినచర్య కూడ అర్థవంతమైనది. ఉదయం త్యాగరాజస్వామి నివసించిన తిరుమంజనవీథి నుండి భాగవతులు ఉంఛవృత్తి చేస్తూ, కీర్తనలు పాడుతూ సమాధికి చేరుకొంటారు. స్వామి ఏ వృత్తితో జీవించినారో, ఆయన తిథినాడు భక్తులు ఆ వృత్తినే ఒక పూట అవలంబిస్తున్నారు. అనంతరం మంగళవాద్యం, పంచరత్నగానం, మూలమూర్తికి అభిషేకం, అర్చన జరుగుతవి. మహనీయుని గురించి ఉపన్యసించుటకంటె ఆయన నడచిన వీథిలో నడచుట ఉత్తమమైన స్మరణ అని ఈ క్రమం బోధిస్తున్నది. తమిళసీమలో పుట్టి పెరిగినవారు వేలమంది ఆనాడు తెలుగు కీర్తనలను కంఠస్థంగా గానం చేస్తారు. వలసవెళ్లిన ఒక తెలుగు కుటుంబం ఇచ్చిన వాక్కును పొరుగునాడు ఇంతటి శ్రద్ధతో కాపాడుతున్నదంటే, తెలుగువారికి అది గర్వకారణంతో పాటు బాధ్యతాస్మారకం కూడ.

నాగరత్నమ్మగారు చివరి సంవత్సరాలు తిరువయ్యారులోనే గడిపినారు. స్వామిపై అష్టోత్తర శతనామావళి రచించి సమర్పించినారు. 1949లో వ్రాయించిన మరణశాసనం ద్వారా తమ ఆస్తిని స్వామిసేవకే అంకితం చేసి, ఆ సన్నిధిలో స్త్రీలకు స్థానం ఉండవలెనన్న నియమం పెట్టినారు. 1952 మే 19న పరమపదించినారు. ఆమె సమాధి త్యాగరాజస్వామి సన్నిధికి అభిముఖంగానే ఉన్నది. ఒకప్పుడు వెనుకవైపు నిలిచి పాడవలసివచ్చిన ఆ భక్తురాలు ఇప్పుడు నిరంతరం స్వామి ఎదుటనే ఉన్నారు.

రాగిరేకు మీది తిథి

ఆంధ్రదేశంలో ఇటువంటి మరొక చరిత్ర తాళ్లపాక అన్నమాచార్యులవారిది. ఆయన సంకీర్తనలను చెక్కించిన రాగిరేకులలో ఆరంభతిథి, అంత్యతిథి రెండూ నమోదై ఉన్నవి. క్రోధి సంవత్సరంలో పదహారవ ఏట ఆరంభమైన సంకీర్తనసేవ, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు, అనగా 1503 ఫిబ్రవరి 23 వరకు, సాగినదని వాటివలన తెలుస్తున్నది. తిరుమల ఆలయంలోని సంకీర్తనభాండారంలో ఆ రేకులు శతాబ్దాలపాటు మౌనంగా ఉన్నవి. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో అవి వెలుగులోనికి వచ్చిన పిమ్మట, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన పండితుల కృషితో లోకం మరల ఆ కీర్తనలను వినగలిగినది.

ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక విషయం స్పష్టమవుతున్నది. త్యాగరాజస్వామి విషయంలో కీర్తనలు గొంతులలో నిలిచి, సమాధి విస్మృతమైనది. అన్నమాచార్యుల విషయంలో తిథి లోహం మీద నిలిచి, గానం మూగవోయినది. స్మరణకు వ్రాత ఒక్కటి చాలదు, గానం ఒక్కటి చాలదు. వ్రాసినదానిని పలికేవారు, పలికినదానిని వ్రాసేవారు, స్థలాన్ని శుభ్రపరచి దీపం పెట్టేవారు, ముగ్గురూ కావలెను.

గృహంలో తిథిస్మరణ

మహనీయుల ఆరాధనకు వర్తించే ఈ సత్యమే ప్రతి కుటుంబానికీ వర్తిస్తున్నది. తాతగారి తిథి తండ్రికి తెలుసు, తండ్రి తిథి కుమారునికి తెలుసు. కాని తాత, ముత్తాతల పేర్లను సంకల్పసమయంలో చెప్పలేక తడబడే యజమానులు నేడు కోకొల్లలు. ప్రపితామహుని పేరు మరచిన కుటుంబంలో నాలుగవ తరానికి తన పేరు కూడ మరుపున పడుతుందని గ్రహించవలెను.

తిథి తెలియనివారి కోసం శాస్త్రం ద్వారాన్ని మూయలేదు. మాసం తెలిసి తిథి తెలియకపోతే ఆ మాసపు అమావాస్యనాడు ఆబ్దికం చేయవచ్చునని నిబంధనకారులు చెప్పినారు. ఏదియు తెలియనివారికి భాద్రపద బహుళంలో మహాలయపక్షం ఉన్నది, మహాలయ అమావాస్య ఉన్నది. మరచినవారిని కూడ స్మరించే అవకాశం కల్పించిన ధర్మం ఇది. అయినా శాస్త్రం చూపిన ఈ దయను అలసత్వానికి ఆధారంగా తీసికొనరాదు.

విదేశాలలో నివసించే తెలుగువారికి మరొక సందేహం కలుగుతున్నది. తిథి ఏ దేశకాలాన్ని అనుసరించి పాటించవలెను? సంకల్పంలో మనం ఉన్న దేశాన్ని చెప్పుకొని కర్మ చేస్తాము కనుక, ఆ ప్రదేశపు సూర్యోదయాన్ని అనుసరించి గణించిన పంచాంగమే ప్రమాణం. ఆబ్దికానికి అపరాహ్ణవ్యాప్తి గల తిథిని చూడవలెను. భారతదేశంలో ఒకనాడు వచ్చిన ఆబ్దికతిథి అమెరికాలో ముందురోజున వచ్చుట వలన దోషమేమీ లేదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో 1978 నుండి త్యాగరాజ ఆరాధనోత్సవం ఈస్టరు పండుగ ప్రాంతంలో జరుగుతున్నది. సాముదాయిక ఉత్సవానికి అక్కడి సౌకర్యాన్ని అనుసరించుట దేశకాలధర్మం. అయితే ఉత్సవం ఎప్పుడు జరిగినా, పుష్య బహుళ పంచమినాడు ఇంట ఒక దీపం వెలిగించి ఒక కీర్తన పాడుకొనుటకు ఏ దేశమూ అడ్డు రాదు.

సాధకులు ఈ సంవత్సరమే చేయదగిన పని ఒకటి ఉన్నది. ఇంటిలోని వృద్ధులను అడిగి, ఇరువైపుల మూడు తరాల పేర్లు, గోత్రం, మృతతిథులు, సిద్ధిపొందిన ప్రదేశాలు ఒక పుస్తకంలో వ్రాసికొనవలెను. ఆ పుస్తకాన్ని పూజామందిరంలో ఉంచవలెను. సంతానం లేక గతించిన పెదతండ్రులు, మేనత్తలు, బాల్యంలోనే వితంతువులై ఇంటిని మోసి వెళ్లిపోయిన తల్లులు ఉంటారు. వారి పేర్లు సామాన్యంగా ఏ సంకల్పంలోను వినబడవు. మహాలయపక్షంలో కారుణ్యపితృదేవతలుగా వారిని స్మరించే విధానం ఉన్నది. ఆ పేర్లను తప్పక చేర్చవలెను. భీష్మునికి లోకమంతా తర్పణం విడిచినట్లే, ఆ ఇంటి భీష్ములకు ఆ ఇల్లు తర్పణం విడువవలెను.

ఉమయాల్పురం సోదరులు ఆ వృద్ధాప్యంలో తిరువయ్యారుకు రాకపోయినా వారిని ఎవరూ నిందించేవారు కారు. నాగరత్నమ్మగారు తమ ఆభరణాలను దాచుకొన్నా ఎవరూ ప్రశ్నించేవారు కారు. విధింపబడనిదానిని ఋణంగా భావించి చెల్లించినవారి వలననే ఆ పంచమి నేడు మనకు దక్కినది.

స్వస్తి.